రోగమున్న పిల్లికి మన ఇంట్లో చోటు లేదా?

పోయిన ఏడాది రంజాన్ పండుగ వెళ్లిన వారానికి కోడుమూరులోని మా ఇంటి వసారాలో చిన్న పంచాయతీ ఒకటి జరిగింది. ఆస్తి తగాదా కాదు, పెళ్లి సంబంధం మాట కాదు. ఒక పిల్లి గురించి. హైదరాబాదులో చదువుకుంటున్న మా తమ్ముని కూతురు సెలవులకు వస్తూ మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో ఒక పిల్లిని వెంట తెచ్చింది. నల్ల మచ్చలున్న తెల్లపిల్లి. చూడటానికి బాగానే ఉంది, కాస్త చిక్కింది, అంతే.

"ఊర్లో పిల్లులు కరువైనాయా పాపా, పట్నం నుంచి బస్సులో తెచ్చినావు?" అని మా అమ్మ నవ్వింది.

"ఇది హాస్టలు గోడ పక్కన దొరికింది జేజీ. డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించినాము. ల్యుకేమియా వైరస్ ఉందన్నారు. ఆ మాట వింటానే తీసుకుంటామన్న వాళ్లు కూడా వద్దన్నారు. హాస్టల్లో పెట్టుకోనీరు. ఇంక యాడికి తీసుకుపోదును?"

వసారాలో నవ్వు ఆగిపోయింది. ల్యుకేమియా అంటే బ్లడ్ క్యాన్సర్ అని అందరికీ తెలుసు. మా తమ్ముడు లేచి నిలబడ్డాడు. "సచ్చేదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారా ఎవురన్నా? సంచిలో వేసి హంద్రీ అవతల వదిలేసి వస్తే దాని రాత అది చూసుకుంటాది" అన్నాడు. అని నా వైపు చూశాడు. ఎందుకంటే ఆ పని మా ఇంట్లో ఇంతకు ముందు చేసింది నేనే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పన్నెండేళ్ల కిందట మా శెనక్కాయల గదిలో ఒక తల్లిపిల్లి మూడు కూనలను పెట్టింది. ఎలుకలు పడుతుంది కదా అని మొదట సంతోషించాం. నెల తిరగకముందే తల్లి ఎముకలగూడు అయింది. కళ్లనిండా పుసులు, చిగుళ్లు పుండ్లు, తిండి ముట్టదు. ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడని భయపడ్డాం. పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలన్న ఆలోచన కూడా రాలేదు. గోనెసంచిలో తల్లినీ కూనలనూ వేసి, సైకిలు మీద హంద్రీ దాటించి, తుమ్మచెట్ల కింద మూతి విప్పి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాను. ఆ రోజు అసర్ నమాజు కూడా వేళకే చేశాను. నా మనసుకు ఏ బాధా కలగలేదు. ఆ సంగతే ఇప్పుడు తలచుకుంటే ఎక్కువ బాధగా ఉంది.

మా పాప తండ్రికి జవాబు చెప్పలేదు. నన్నే అడిగింది. "పెదనాయనా, పిల్లిని కట్టేసి తిండి పెట్టని ఆడమనిషి హదీసు నాకు చిన్నప్పుడు నేర్పింది నువ్వే గదా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రికి పిల్లిని పక్కగదిలో ఉంచమని చెప్పి ఊరుకున్నాను. తర్వాత కొన్నాళ్లు ఈ విషయమై చదివాను. పశువైద్యులను అడిగాను, మా మసీదు ఇమాం సాబ్‌నూ అడిగాను. నేను ఆలిమ్‌ను కాను, డాక్టరునూ కాను. అయినా తెలుసుకున్నదాన్ని నలుగురితో పంచుకోవడం మంచిదని ఇది రాస్తున్నాను.

ధర్మం ఏమంటోంది?

మన ఇళ్లలో పిల్లి మాట రాగానే ఒక కథ చెబుతారు. దైవప్రవక్త (స) గారి చొక్కా చేతి మీద పిల్లి నిద్రపోతే, దాన్ని లేపడం ఇష్టంలేక చేతిగుడ్డను కత్తిరించుకుని నమాజుకు లేచారని. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఈ సంఘటన లేదు. ప్రవక్త (స) పేరిట ఆధారం లేని మాట చెప్పకూడదు గనుక దాన్ని పక్కన పెడదాం. దాని అవసరం కూడా మనకు లేదు. ఆధారమున్నవే చాలినన్ని ఉన్నాయి.

ఒక స్త్రీ పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు, పురుగూ పుట్రా ఏరుకు తిననీయకుండా వదలనూ లేదు. అది చచ్చిపోయింది. ఆ కారణంగా ఆమె నరకశిక్షకు గురైందని ప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అలాగే దాహంతో నాలుక బయటపెట్టి తడిమట్టి నాకుతున్న కుక్కకు, బావిలో దిగి తన తోలుమేజోడులో నీళ్లు నింపుకుని నోట కరచి పైకి తెచ్చి తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని మరో హదీసు. జంతువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని సహచరులు అడిగితే, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ ఉందని ఆయన సెలవిచ్చారు.

పిల్లి అశుద్ధం అనుకునేవారు అబూ ఖతాదా (ర) సంఘటన గుర్తుచేసుకోవాలి. ఆయన కోడలు కబ్షా వుజూకు నీళ్లు పోస్తోంది. ఒక పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి అది తాగేదాకా పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూసింది. పిల్లి అపవిత్రం కాదనీ, అది మీ ఇళ్లలో మీ చుట్టూ తిరిగే ప్రాణులలోనిదనీ ప్రవక్త (స) చెప్పారని ఆయన వివరించారు. ఇది ఇమాం మాలిక్ ముఅత్తాలో, అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. మన హనఫీ ఫిఖహ్‌లో పిల్లి ఎంగిలి నీటిని మక్రూహ్‌గా చెప్పారు గాని నజస్ అనలేదు. ఇక వేలాది హదీసులు మనకు అందించిన హజ్రత్ అబూ హురైరా (ర) పేరుకే అర్థం పిల్లికూన తండ్రి అని. గొర్రెలు మేపే రోజుల్లో ఆయన వెంట ఒక చిన్నపిల్లి ఉండేదట.

తర్వాతి కాలపు ముస్లిములూ ఈ మాటలను వట్టి మాటలుగా వదిలేయలేదు. 13వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన సుల్తాన్ బైబర్స్ కైరోలో దిక్కులేని పిల్లుల కోసం ఒక తోటను రాసిచ్చాడు. తోట చేతులు మారినా, 1830లలో కూడా అక్కడి ఖాజీ కచేరీ ఆవరణలో రోజూ మధ్యాహ్నం వేళ పిల్లులకు తిండి పెట్టేవారని ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్ల రచయిత తన కళ్లతో చూసి 1836లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అయిదు వందల ఏళ్ల తర్వాతా సాగిన ధర్మం అది. మనం పిల్లికి బిచ్చం పెట్టనివాడు అని పిసినారిని తిడతాం. ఆ సామెతలోనే ఉంది, పిల్లికి పెట్టడం మనిషి కనీస ధర్మమని.

ఆ రోగం సంగతి

ఇక రోగం మాట. దీని పేరు ఫెలైన్ ల్యుకేమియా వైరస్. 1964లో స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని కనుగొన్నారు. ఒకే ఇంట్లో పెరుగుతున్న పిల్లులకు వరసగా క్యాన్సర్ గడ్డలు రావడం చూసి, ఇది ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటోందా అని ఆరా తీస్తే వైరస్ బయటపడింది. 1985లో అమెరికాలో దీనికి టీకా కూడా వచ్చింది. మన ఊళ్లలో పిల్లులకు మామూలుగా వేసే మూడు రోగాల టీకాలో మాత్రం ఇది ఉండదు. పేరు దగ్గరగా ఉన్న పాన్‌ల్యుకోపీనియా వేరే రోగం. అది వాంతులు, విరేచనాలతో కొద్దిరోజుల్లోనే పిల్లిని తీసుకుపోతుంది. ఇది నిదానంగా పనిచేసేది.

ఈ వైరస్ ముఖ్యంగా ఉమ్మిలో ఉంటుంది. ముక్కు నీటిలో, పాలలో, మలమూత్రాలలో కూడా ఉంటుంది. పిల్లులు ఒకదాన్నొకటి నాక్కోవడం వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల, కరచుకోవడం వల్ల అంటుకుంటుంది. తల్లి కడుపులో ఉండగానో, పాలు తాగేటప్పుడో కూనలకు వస్తుంది. చిన్న కూనలకే ప్రమాదం ఎక్కువ. పెద్దపిల్లులకు కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. శరీరం బయట, ఆరిన నేల మీద, ఈ వైరస్ కొద్ది గంటలకు మించి బతకదు. మామూలు సబ్బునీటికే చచ్చిపోతుంది.

సోకిన ప్రతి పిల్లీ ఒకే తీరుగా ఉండదు. కొన్నింటిలో ఒంటి శక్తి వైరస్‌ను పూర్తిగా తరిమేస్తుంది. కొన్నింటిలో అది అణగి లోపల దాక్కుంటుంది, ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు, ఎప్పుడైనా తిరిగి లేవవచ్చు. మిగిలిన వాటిలో అది గెలుస్తుంది. అప్పుడు రక్తం తగ్గిపోతుంది, జ్వరం, చిగుళ్ల పుండ్లు, తగ్గని జలుబు, గడ్డలు వస్తాయి. ఒంటి రక్షణ దెబ్బతినడం వల్ల చిన్న రోగం కూడా పెద్దదవుతుంది. వైరస్‌ను పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికీ లేదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు పిల్లుల ఆరోగ్య కేంద్రం చెప్పే లెక్క ప్రకారం, అక్కడి పిల్లుల్లో నూటికి రెండు మూడింటికి ఇది ఉంటుంది. రోగం తేలిన తర్వాత సగం పిల్లులు రెండున్నర ఏళ్లలోపు పోతాయి, మిగిలిన సగం అంతకు మించి బతుకుతాయి. ఒంటరిగా, ఇంటిపట్టున, మంచి తిండితో ఉన్నవి ఎక్కువకాలం హాయిగా తిరుగుతాయి.

నా శెనక్కాయల గదిలో తల్లిపిల్లికి వచ్చింది ఇదేనా? పరీక్ష చేయించలేదు కాబట్టి చెప్పలేను. ఒకవేళ ఇదే అయితే, మా ఇంటికి దాని వల్ల ఏ ప్రమాదమూ లేదు. హంద్రీ అవతలి పల్లె పిల్లులకు మాత్రం రోగాన్ని మోసుకుపోయి పంచి వచ్చినవాడిని నేనే.

పదిమందీ అడిగే ప్రశ్నలు

మొదటి ప్రశ్న, ఇది మనకు అంటుతుందా? అంటదు. ఎయిడ్స్ తెచ్చే వైరస్ కూడా ఈ పెద్ద కుటుంబానికే చెందినా రెండూ వేరు. పిల్లుల ల్యుకేమియా వైరస్ మనుషులకు గాని, కుక్కలకు గాని సోకదు. అయితే ఒంటిశక్తి తగ్గిన పిల్లి వేరే క్రిములను మోయవచ్చు. కాబట్టి దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. గర్భిణులు పిల్లి మలాన్ని ఎత్తకూడదు. ఈ రెండూ ఆరోగ్యమైన పిల్లి విషయంలోనూ పాటించవలసినవే.

రెండోది, మిగతా పిల్లులకు అంటుతుంది కదా? అవును, ఇదే అసలైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టివేయరాదు. రోగమున్న ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలుకురావద్దని ప్రవక్త (స) ఆదేశించారు. మన సీమలో ఈ మాట గొర్రెల కాపరికి విడమరచి చెప్పనక్కరలేదు. గాలికుంటు వస్తే ఏ రైతయినా ఆ ఎద్దును వేరే గాటికి మారుస్తాడు. మారుస్తాడే గాని, దాన్ని అడవిలో వదిలేసి రాడు. గ్రహించవలసింది ఈ తేడానే. వేరు చేయడం ధర్మం, విడిచేయడం ధర్మం కాదు. అందుచేత ఇంట్లో ఇప్పటికే ఆరోగ్యమైన పిల్లి ఉండి, రెండింటికీ వేరు గదులు, వేరు గిన్నెలు ఏర్పాటు చేయలేనివారు ఈ పిల్లిని తీసుకోకూడదు. జాలితో తీసుకుని ఉన్నదానికి కూడా రోగం అంటిస్తే అది దయ అనిపించుకోదు. పిల్లి లేని ఇల్లు, లేదా ఇదే రోగమున్న పిల్లి ఉన్న ఇల్లు దీనికి తగిన చోటు.

మూడోది మా ఇమాం సాబ్‌ను నేను అడిగిన ప్రశ్న. రోగం పాకకుండా దీన్ని ఇంట్లోనే మూసి ఉంచాలంటున్నారు. మరి పిల్లిని బంధించిన స్త్రీ పాపం మనకు చుట్టుకోదా? ఆయన నవ్వి, హదీసును పూర్తిగా చదువు అన్నారు. ఆమె నేరం తలుపు మూయడం ఒక్కటే కాదు. మూసి, తిండీ నీళ్లూ ఆపడం. మూసినవాడు పెట్టాలి, పెట్టలేనివాడు మూయకూడదు. గాలి, వెలుతురు ఉన్న ఇంట్లో కడుపునిండా పెట్టి, వేరే ప్రాణుల మేలు కోసం గడప దాటనీయకపోతే అది బంధించడం కాదు, బాధ్యత తీసుకోవడం. నా తప్పు ఎక్కడుందో అప్పుడు నాకు ఇంకా స్పష్టంగా తెలిసింది. నేను పిల్లిని బంధించలేదు, స్వేచ్ఛగా వదిలాననుకున్నాను. లేచి నిలబడలేని ప్రాణిని తిండి దొరకని చోట వదలడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? మన దేశపు చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

నాలుగోది, ఎలాగూ చచ్చేదానికి ఇంత శ్రమ ఎందుకు? మా తమ్ముడి ప్రశ్న ఇదే. ప్రళయ ఘడియ వచ్చిపడినా, చేతిలో మొక్క ఉన్నవాడు నాటగలిగితే నాటేయాలని ప్రవక్త (స) ప్రబోధించారు. ఆ మొక్క కాయ కాస్తుందా, నీడ ఇస్తుందా అన్న లెక్క అక్కడ లేదు. చేసే పని మంచిదా కాదా అన్నదే లెక్క. అయినా ఎలాగూ పోయేవాళ్లం కానిది ఎవరం? పిల్లికి రెండు మూడేళ్లంటే తక్కువ కాలం కాదు. దాని ఆయుష్షులో అది పెద్ద భాగం. పైగా పరీక్షలో వైరస్ కనిపించినంత మాత్రాన పిల్లిని చంపాలన్న పాత ఆలోచనను పశువైద్యులే వదిలేశారు. ఆ ఒక్క కారణంతో ప్రాణం తీసే నిర్ణయానికి రాకూడదని అమెరికాలోని పిల్లి వైద్యుల సంఘం 2020లో వెలువరించిన మార్గదర్శకాలలో చెప్పింది. టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో ఒక సంస్థ ఇలాంటి పిల్లుల కోసమే ప్రత్యేక విభాగం నడుపుతూ, సంగతి ముందే చెప్పి ఇష్టపడినవారికి ఇస్తోంది. తెలిసి తీసుకునేవారు అక్కడ ఉన్నారు, ఇక్కడా ఉంటారు. అడిగితేనే కదా తెలిసేది.

అయిదోది, పిల్లలు దానికి అలవాటుపడి, అది పోయినప్పుడు ఏడిస్తే? ఏడుస్తారు. హజ్రత్ అనస్ (ర) గారి చిన్నతమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక బుల్లిపిట్ట ఉండేది. అది చనిపోతే ఆ పసివాడు దిగులుపడ్డాడు. ప్రవక్త (స) వాళ్ల ఇంటికి వచ్చినప్పుడు వాడిని ముద్దుపేరుతో పిలిచి, ఆ పిట్ట సంగతేమిటని పలకరించారు. ఒక పిట్ట కోసం ఏడ్చే పిల్లవాడిని ఆయన గద్దించలేదు, నవ్వులాటకు తీసిపారేయలేదు. పిల్లలకు దుఃఖం రాకుండా కాపాడటం మన చేతిలో లేదు. దుఃఖం వచ్చినప్పుడు పక్కన కూర్చోవడం మన చేతిలో ఉంది. నిజం దాచకుండా, ఇది జబ్బుపిల్లి, కొన్నాళ్లే మనతో ఉంటుంది, ఉన్నన్నాళ్లూ బాగా చూసుకుందామని చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. రేపు ఇంట్లో పెద్దలు మంచం పట్టినప్పుడు ఈ పాఠం వారికి పనికి వస్తుంది.

ఆరోది, పేదలు ఉండగా పిల్లికి ఖర్చా? పక్కింటివాడు ఆకలితో ఉంటే ముందు అతనికే పెట్టాలి, అందులో మరో మాట లేదు. కానీ పిల్లికి పెట్టే గుప్పెడు తిండి పేదవాడి నోటిముందు నుంచి తీసింది కాదు. ఒక్క వలీమాలో విస్తళ్లలో వదిలేసే మాంసం ఎన్ని పిల్లులకు ఎన్నాళ్లు వస్తుందో లెక్క వేసుకుంటే ఈ ప్రశ్న అడగడానికి నోరు రాదు.

ఇక పిల్లి ఎదురొస్తే కీడు, జబ్బుపిల్లి ఇంట్లో ఉంటే అరిష్టం అనే మాటలు మన ఇళ్లలోనూ వినిపిస్తాయి. శకునాలు నమ్మడం మన ధర్మంలో లేదు. దాని మీద ఇంతకంటే చెప్పవలసింది లేదు.

తీసుకునేవారు చేయవలసినవి

తీసుకోవాలనుకునేవారు ముందు పరీక్ష సరిగా జరిగిందో లేదో చూసుకోవాలి. రెండు మూడు చుక్కల రక్తంతో చేసే తక్షణ పరీక్ష మొదటి మెట్టు మాత్రమే. అందులో ఉందని వస్తే మరో రకం పరీక్షతో ఖాయం చేసుకోవాలి. లేదని వచ్చినా, రోగమున్న పిల్లితో కలిసి తిరిగిన దానికి నెల రోజుల తర్వాత మళ్లీ చేయించాలి. ఇలాంటి పరీక్షలు చిన్న ఊళ్లలో దొరకడం కష్టం. పశువైద్య కళాశాలలు తిరుపతిలో, మనకు దగ్గరగా ప్రొద్దుటూరులో ఉన్నాయి. ముందు మన ఊరి పశువుల డాక్టరుకు చూపి ఆయన సలహా మీద వెళ్లడం మేలు.

ఖరీదు మాట ఒకటుంది. పిల్లిని అమ్మి సొమ్ము తీసుకోవడాన్ని గూర్చి హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించిన నిషేధం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవడంలో ధర్మవేత్తల మధ్య భేదాలున్నాయి, ఎక్కువమంది కొనుగోలును అనుమతించారు. దిక్కులేని జబ్బుపిల్లిని ఊరికే తెచ్చుకునేవారికి ఆ చిక్కే లేదు.

మా ఇంట్లో చేసిన ఏర్పాటు చెబుతాను. పెరటి వైపు గదికి కిటికీకి ఇనుప జాలి కొట్టించాం, వీధిలోని గండుపిల్లులు రాకుండా. ఒక తట్టలో హంద్రీ ఇసుక పోసి మూలన పెట్టాం. రోజూ శుభ్రం చేసి, వారానికొకసారి ఇసుక మారుస్తాం. దాని గిన్నెలు వేరు. మాంసం దుకాణం నుంచి తెచ్చిన తునకలు పచ్చివి పెట్టం, బాగా ఉడికించి చల్లార్చి పెడతాం. ఒంటిశక్తి లేని పిల్లికి పచ్చిమాంసంలోని క్రిములు ప్రాణం మీదికి తెస్తాయి. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, మట్టిమూకుడులో నీళ్లు రెండు పూటలా మారుస్తాం. రేబిస్ టీకా, మిగతా టీకాలు డాక్టరు చెప్పిన ప్రకారం వేయించాం. పిల్లలు పెట్టకుండా ఆపరేషను చేయించాం. ఈ విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. రోగం కూనలకు పోకుండా ఆపడానికి అవసరమని డాక్టరు చెప్పిన మాట ఇమాం సాబ్‌కు వివరించి, ఆయన సమ్మతించిన తర్వాతే చేయించాం. ఆరు నెలలకొకసారి డాక్టరుకు చూపిస్తాం. తిండి మానినా, మూలన ముడుచుకున్నా ఆలస్యం చేయకూడదని ఆయన గట్టిగా చెప్పారు. రాష్ట్రంలో 2022లో నియోజకవర్గాల వారీగా సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. అవి ఎద్దులకు, గొర్రెలకే అనుకుని ఊరుకోక అడిగి చూడాలి.

చివరిదశలో బాధ భరించలేనిదైతే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. దానికి ఇక్కడ ఒక్క మాటలో తీర్పు చెప్పడం సాహసమవుతుంది. ఆ రోజు వచ్చినప్పుడు నమ్మకమైన డాక్టరునూ, నమ్మకమైన ఆలిమ్‌నూ ఇద్దరినీ కూర్చోబెట్టి అడగాలి. మనకు విసుగు పుట్టడం వేరు, దానికి బాధ కలగడం వేరు. ఆ రెంటినీ కలిపేయకుండా చూసుకోవాలి.

సోదర సోదరీమణులారా! జబ్బుపిల్లిని ప్రతి ఇల్లూ తెచ్చుకోవాలని నేననడం లేదు. అందరికీ వీలుపడదు. కానీ రెండు పనులు అందరూ చేయగలరు. ఒకటి, వద్దనుకున్న పిల్లిని సంచిలో కట్టి మసీదు అరుగు మీదో, దర్గా దగ్గరో, ఊరి బయటో వదిలే అలవాటు మానడం. అక్కడ ఎవరో పెడతారులే అనుకోవడం కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తీరే. రెండు, ఇంట్లో చోటుండీ, ఖాళీ ఉండీ, పిల్లి లేనివారు ఎవరైనా ఇలాంటి దాని మాట వింటే, రోగం పేరు వినగానే తలుపు వేయకుండా ఒక్కసారి ఆలోచించడం. ఆరోగ్యంగా ముద్దుగా ఉన్న కూనను ఎవరైనా తీసుకుంటారు. ఎవరూ తీసుకోనిదాన్ని తీసుకున్నప్పుడే కదా మన దయ ఎంతదో తేలేది.

మా ఇంటి పిల్లి ఇప్పటికీ మాతోనే ఉంది. చలికాలంలో ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు తిండి మానింది, మందులతో కోలుకుంది. మా పాప హైదరాబాదు వెళ్లిపోయింది, ఫోనులో మొదట దాని క్షేమమే అడుగుతుంది. సంచి మాట అన్న మా తమ్ముడే ఇప్పుడు రోజూ పొలం నుంచి వచ్చి జాలి కిటికీ దగ్గర నిలబడి, "తిన్నావా?" అని అడిగి గాని కాళ్లు కడుక్కోడు. మా అమ్మ వుజూ చేసుకునేటప్పుడు అది ఆ గది గడప లోపల కూర్చుని నీళ్ల చప్పుడు వింటూ ఉంటుంది. ఎన్నాళ్లుంటుందో అల్లాహ్‌కే ఎరుక. హంద్రీ అవతల తుమ్మచెట్ల కింద వదిలిన దానికి నేను ఇప్పుడు ఏమీ చేయలేను, క్షమాపణ కోరుకోవడం తప్ప. ఇది మాత్రం నా చేతిలో ఉన్న అమానతు.

నోరులేని ప్రాణుల విషయంలో మన లెక్క సరిగా ఉండేలా అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.